మొదటి తరం పిల్లలకు వృత్తి చదువులు: తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

తిరుపతిలో కొందరం సెలవు రోజుల్లో సంక్షేమ హాస్టళ్ల పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో కూర్చుంటాం. శ్రీకాళహస్తి, సత్యవేడు, పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలు. చాలా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషి ఆ బిడ్డే. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏటా అవే. చదువులో వెనకబడి సీటు పోగొట్టుకున్న పిల్లల కంటే, ఏ కాగితం ఎప్పుడు కావాలో చెప్పేవాళ్లు లేక పోగొట్టుకున్నవాళ్లే మాకు ఎక్కువగా కనిపిస్తున్నారు. అందుకే ఆ ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాం. మీకు కావాల్సిన దగ్గర నుంచి చదువుకోవచ్చు. ఫీజులు, తేదీలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవడం మరవకండి.

## పదో తరగతి, ఇంటర్ రోజుల్లో

మా ఇంట్లో డిగ్రీ చదివినోళ్లే లేరు. డాక్టరు, లాయరు, ఆడిటరు అంటే మాలాంటోళ్లకు అయ్యే పనేనా సార్?

అవుతుంది. కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసులో లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. అంత దూరం చూడక్కర్లేదు. తిరుపతి ఒక్క ఊళ్లోనే 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ, 1960 నుంచి ఎస్వీ మెడికల్ కాలేజీ, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2015లో ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువుల కేంద్ర సంస్థ) కూడా వచ్చాయి. బస్సెక్కితే చేరుకునే దూరంలోనే ఇన్ని ఉన్నా, "అవి మనకు కాదులే" అనే మాట ఇంట్లోనే ముందు వినబడుతుంది. బిడ్డను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లి ఆవరణంతా చూపించండి. చూసొచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

పదో తరగతి అయిపోయింది. ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుంది?

డాక్టరు, నర్సింగ్, పశువైద్యం, వ్యవసాయం కావాలంటే బైపీసీ. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ కావాలంటే ఎంపీసీ. ఫార్మసీకి రెండూ పనికొస్తాయి. లా, సీఏ, సివిల్స్ ఏ గ్రూపు చదివినా చేయొచ్చు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు కూడా. "మార్కులు తక్కువ వచ్చాయి, ఇక ఏదో ఒకటి" అని హెచ్ఈసీలో చేర్చిన పిల్లల్లో చక్కగా వాదించగల వాళ్లుంటారు. వాళ్లకు లా అనే దారి ఉందని చెప్పేవాళ్లే ఉండరు. ఒకేషనల్ కోర్సులో చేర్చే ముందు మాత్రం, దాంతో పై చదువుకు ఏ పరీక్ష రాయొచ్చో ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగండి.

పెద్ద పేరున్న ప్రైవేటు కాలేజీలో చేర్చకపోతే నీట్, ఐఐటీ రావా? అప్పు చేసైనా చేర్చమంటున్నారు.

అప్పు చేయొద్దు. ముందు గురుకులాలు చూడండి. అంబేడ్కర్ గురుకులాలు, గిరిజన గురుకులాలు, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాలు, ఏపీఆర్జేసీ (ప్రభుత్వ గురుకుల జూనియర్) కాలేజీలు ఉన్నాయి. వీటిలో చదువు, తిండి, వసతి ఉచితం. అంబేడ్కర్ గురుకులాల సంస్థ ఐఐటీ, నీట్ (డాక్టరు చదువుల ప్రవేశ పరీక్ష) కోసం ప్రత్యేక కేంద్రాలే నడుపుతోంది. కర్నూలు జిల్లా చిన్నటేకూరు కేంద్రం అలాంటిదే. ప్రవేశ పరీక్షలకు పదో తరగతి ఫలితాలకు ముందే దరఖాస్తు చేయాలి. మే నెలలో అడగడానికి వచ్చేవాళ్లకు అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. సంక్రాంతి సెలవులు అయినప్పటి నుంచీ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

మా వాడు తెలుగు మీడియం. నీట్ తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. నీట్, జేఈఈ మెయిన్ (ఐఐటీ దారిలో మొదటి పరీక్ష) రెండూ 13 భాషల్లో ఉంటాయి, అందులో తెలుగు ఒకటి. దరఖాస్తు నింపేటప్పుడే భాష ఎంచుకోవాలి. మన సరిహద్దు పల్లెల వాళ్లు ఒక సంగతి గమనించాలి. నీట్ తెలుగు ప్రశ్నపత్రం తెలుగు రాష్ట్రాల పరీక్షా కేంద్రాల్లోనే ఇస్తారు. దగ్గరని వేలూరో చెన్నైయో పెట్టుకుంటే తెలుగు దొరకదు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ఖాయం. అందుకని సైన్సు పదాలు రెండు భాషల్లోనూ నేర్చుకోవడం మంచిది. ఎంబీబీఎస్ పాఠాలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి.

## కాగితాలు

ఏ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి?

కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆధార్, రేషన్ కార్డు, బిడ్డ పేరు మీద ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా. ఓసీల్లో పేదలైతే ఈడబ్ల్యూఎస్ పత్రం. అది ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. కుల పత్రం, ఆదాయ పత్రం గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టుకోవచ్చు. అన్నీ స్కాన్ చేయించి ఫోన్‌లో ఉంచుకోండి, ఒరిజినల్స్ ఒకే కవర్లో పెట్టండి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఈ పని ముగించండి. కౌన్సెలింగ్ వారంలో మొదలుపెడితే వీఆర్వో సెలవులో ఉండొచ్చు, సర్వర్ పని చేయకపోవచ్చు. మీ సీటు వాటి కోసం ఆగదు.

మేం బీసీ. పోయినేడు తీసిన కుల సర్టిఫికెట్ ఉంది. ఢిల్లీ పరీక్షకు అది చాలదంటున్నారు, ఎందుకు?

రాష్ట్రానికి బీసీ జాబితా ఒకటి, కేంద్రానికి ఓబీసీ జాబితా ఒకటి. ఐఐటీ, ఎయిమ్స్, నీట్ ఆలిండియా కోటా, యూపీఎస్సీ లాంటి వాటికి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న కుటుంబం కాదని చెప్పే) పత్రం కావాలి. ప్రవేశాలకు సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదే అడుగుతారు. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కాబట్టి మీ కులం పేరు అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. క్రీమీలేయర్ హద్దు ఏడాదికి 8 లక్షలు. ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈ సంగతి తెలియక, నాన్న ఆర్టీసీలో డ్రైవరు కాబట్టి మాకు రాదులే అనుకుని ఓసీ కింద దరఖాస్తు చేసిన పిల్లలు ఉన్నారు. కేంద్ర సంస్థల్లో ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి, వదులుకోకండి.

ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మార్కుల లిస్టులో ఇంకో పేరు. ఏది మార్చాలి?

మార్కుల లిస్టులో ఉన్నదే అసలు పేరనుకోండి, మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్చండి. మన జిల్లాల్లో ఇది ఇంటింటి సమస్య. తండ్రి ఆధార్‌లో "ముని రత్నం" అని విడిగా ఉంటుంది, రేషన్ కార్డులో "మునిరత్నం", కుల పత్రంలో "ఎం. రత్నం". ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. తమిళం మాట్లాడే ఇళ్లల్లో ఇంటి పేరే ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. ఎమ్మార్వో ఆఫీసులో ముగ్గురూ ఒకే మనిషని నిరూపించుకోవాల్సి వస్తుంది. ఆన్‌లైన్ ఫారంలో ఒక్క ఖాళీ తేడా వచ్చినా స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి పోతుంది.

చేయాల్సింది ఇదీ. పదో తరగతి ఫారం నింపేటప్పుడు బడిలో హెడ్మాస్టరు చేతి కింద ఉండే నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా)లో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ మీరే స్వయంగా చదివి సంతకం పెట్టండి. చదవడం రాకపోతే తెలిసిన వాళ్లను వెంట తీసుకెళ్లండి. అక్కడ అయిదు నిమిషాల్లో సరిచేసేది, మార్కుల లిస్టు అచ్చయ్యాక నెలల తరబడి తిరిగినా తేలదు.

మేం యానాదులం. పిల్లకు ఆధార్ లేదు, పుట్టిన సర్టిఫికెట్ లేదు. కుల సర్టిఫికెట్ ఎట్లా వస్తుంది?

శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట వైపు చెరువుల మీద, ఇటుక బట్టీల్లో పని చేసే యానాది కుటుంబాల నుంచి ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. పని ఎక్కడుంటే అక్కడికి పోయే కుటుంబానికి నిలకడైన చిరునామా ఉండదు, చిరునామా లేకపోతే ఏ కాగితమూ పుట్టదు. మొదట పుట్టిన తేదీ. ఆలస్యంగా నమోదు చేయించుకునే వీలు చట్టంలో ఉంది, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. అది చేతికొచ్చాక ఆధార్, ఆ తర్వాత కుల పత్రం. తాతలదో, బాబాయిదో, మేనత్తదో పాత కుల పత్రం ఒక్కటి దొరికినా పెద్ద ఆధారం. ఒక్కటీ లేకపోతే తహసీల్దారు స్థానికంగా విచారణ చేయించాలి.

ఆఫీసులో తిప్పుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. అదే అర్జీ కాపీ గిరిజన సంక్షేమ అధికారికి కూడా ఇవ్వండి. ఎరుకల, సుగాలి, నక్కల కుటుంబాలకూ ఇదే దారి. ఈ కాగితాలు ఒక్క బిడ్డకు పుడితే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బాట పడినట్టే, కాబట్టి ఒక్క రోజు కూలి పోయినా ఈ పని వదలొద్దు.

మేం చర్చికి పోతాం. ఎస్సీ సర్టిఫికెట్ ఇస్తారా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులే ఎస్సీలుగా గుర్తింపు పొందుతారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. దానికి 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్టీలకు మతంతో సంబంధం లేదు. ఇది న్యాయమా కాదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చర్చ. బిడ్డ భవిష్యత్తు పణంగా పెట్టి తప్పు వివరాలు రాయించకండి. తర్వాత విచారణలో తేలితే సీటూ, ఉద్యోగమూ రెండూ పోతాయి.

ఎస్సీ వర్గీకరణ వచ్చింది కదా, ఇప్పుడు మాకు ఎంత?

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకుంది. 2025లో మన రాష్ట్రం 15 శాతాన్ని మూడు గ్రూపులు చేసింది. రెల్లి, దాని అనుబంధ కులాలకు 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. ఇది రాష్ట్ర సీట్లకు, రాష్ట్ర ఉద్యోగాలకే. కేంద్ర సంస్థల్లో ఎస్సీ 15 శాతం ఒకటే.

## పరీక్షలు, కౌన్సెలింగ్

నీట్‌లో క్వాలిఫై అయ్యాం. సీటు వచ్చినట్టేనా?

కాదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 పర్సంటైల్, ఓసీలకు 50 పర్సంటైల్ (అంటే రాసినవాళ్లలో సగం మంది కంటే పైన) వస్తే క్వాలిఫై అంటారు. అది కౌన్సెలింగ్‌లో నిలబడటానికి అర్హత మాత్రమే. సీటు ర్యాంకును బట్టి వస్తుంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటా, దానికి ఢిల్లీ కౌన్సెలింగ్ వేరు. మిగిలిన 85 శాతానికి రాష్ట్రంలో ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ జరుపుతుంది. రెండింటికీ విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఒకదానికి చేసి రెండోదానికి మరిచిపోతే ఆ ఏడాది సగం అవకాశం పోయినట్టే.

ఇంకో విషయం. రిజర్వేషన్ ఉన్న బిడ్డకు మంచి ర్యాంకు వస్తే ఓపెన్ సీటే వస్తుంది. అది రిజర్వేషన్ కోటాలో లెక్క పడదు. కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు భయపడి చిన్న కాలేజీల దగ్గరే ఆగకండి, మీకు ఇష్టమైన క్రమంలో పైనుంచి కిందికి పెట్టండి. తిరుపతిలోనే పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ సీట్లన్నీ అమ్మాయిలకే.

బి కేటగిరీ సీటు తక్కువకు ఇప్పిస్తామని ఒకాయన ఫోన్ చేశాడు. కట్టొచ్చా?

కట్టొద్దు. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా (రిజర్వేషన్లతో నింపే సీట్లు) సగం, బి కేటగిరీ (యాజమాన్య కోటా) 35 శాతం, సి అంటే ఎన్నారై 15 శాతం. బి, సి కూడా నీట్ ర్యాంకుతో, విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారానే నింపుతారు. అందులో కుల రిజర్వేషన్ లేదు, ఫీజు లక్షల్లో ఉంటుంది. ఫోన్ చేసి సీటు ఇప్పిస్తానన్న ఎవరికీ ఒక్క రూపాయి పంపకండి.

పిల్లోడు వేలూరులో చదివాడు. మన ఎస్వీయూ లోకల్ కిందికి వస్తాడా?

మన ప్రాంతంలో ఇది పెద్ద చిక్కు. రాష్ట్రంలో 85 శాతం సీట్లు స్థానికులకు. ఎస్వీయూ ప్రాంతమంటే పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. అర్హత పరీక్ష (ఇంటర్) రాసే ఏడాదితో కలిపి వరసగా కనీసం నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివితే స్థానికుడు. కుప్పం వాళ్లు కోలారుకో, నగరి వాళ్లు తిరుత్తణికో దగ్గరని పంపుతారు, ఇంటర్ అయ్యాక నాన్‌లోకల్ అని తెలిసి దిగాలు పడతారు. ఊరు దాటించే ముందే ఇది ఆలోచించుకోండి. ఇప్పటికే అక్కడ చదివి ఉంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్టు పత్రం ఉంటే మిగిలిన 15 శాతానికి పోటీ పడొచ్చు.

లా చదవాలని ఉంది. ముప్పై ఏళ్లు దాటాయి, ఇప్పుడు కుదురుతుందా?

కుదురుతుంది. ఏపీ లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష)కు వయసు పరిమితి లేదు. ఇంటర్ తర్వాత ఐదేళ్లది, డిగ్రీ తర్వాత మూడేళ్లది. అర్హత మార్కులు ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. లాసెట్‌లో 120కి 42 మార్కులు వస్తే పాస్. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి, అది పూర్తిగా ఇంగ్లీషు. సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే పెద్దవాళ్లు కూడా ఈ ప్రశ్న అడుగుతున్నారు. వాళ్లకు ఒక్క మాట, క్లాసులకు హాజరు తప్పనిసరి. హాజరు వేయిస్తామని డబ్బు అడిగే కాలేజీని నమ్మకండి.

సీఏకు రిజర్వేషన్ లేదు. మనకెందుకు అంటున్నారు మా వాళ్లు.

రిజర్వేషన్ లేదు నిజమే. సీట్ల లెక్కా లేదు. ఎంతమంది పాసైతే అంతమంది సీఏలే. కాలేజీకి డొనేషన్ లేదు. ఇంటర్ ఏ గ్రూపైనా ఫౌండేషన్ రాయొచ్చు. కామర్స్ డిగ్రీలో 55 శాతం, మిగతా డిగ్రీల్లో 60 శాతం వస్తే ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. మధ్యలో రెండేళ్లు ఒక ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్, అంటే పని నేర్చుకోవడం. దానికి కనీస స్టైపెండ్ ఐసీఏఐ (సీఏ చదువు నడిపే సంస్థ) నిర్ణయించింది. తిరుపతిలో ఐసీఏఐ శాఖ ఉంది, అక్కడికే వెళ్లి అడగండి. కష్టం రెండు చోట్ల. పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగు లేదు. రెండోది, ఒకటి రెండుసార్లు తప్పడం ఇందులో మామూలు. ఇంట్లో వాళ్లకు ముందే ఆ సంగతి చెప్పి పెట్టండి, లేకపోతే మొదటి ఫలితానికే "ఇక చాలు, పనికి పో" అంటారు.

## డబ్బు

ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల మీద ఉండే కేంద్ర సంస్థ) 2018లోనే ఆదేశించింది. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి. ప్రభుత్వం కట్టాల్సిన బకాయికి బిడ్డ టీసీ ఆపడం అన్యాయం, గట్టిగానే చెబుతున్నాం. ముందు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటి మాటకు విలువ ఉండదు. తర్వాత ఆ కాపీతో విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు, జిల్లా సాంఘిక సంక్షేమ లేదా బీసీ సంక్షేమ అధికారికి, సోమవారం కలెక్టరేట్‌కు. పిల్లలు విడివిడిగా పోతే బెదిరిస్తారు, పదిమంది కలిసి పోండి.

మీ వైపు నుంచి లోపం లేకుండా చూసుకోండి. జ్ఞానభూమి (రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్)లో మీ దరఖాస్తు ఏ దశలో ఉందో చూడండి. హాజరు 75 శాతం తగ్గకూడదు, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడి ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి 2.5 లక్షలు.

ఐఐటీలో సీటొస్తే లక్షల ఫీజు ఎక్కడ తేవాలి?

ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతా కులాల్లో కుటుంబ ఆదాయం లక్షలోపుంటే పూర్తిగా, అయిదు లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చులకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీలకు ఆదాయ పరిమితి 8 లక్షలు, ఎస్టీలకు 6 లక్షలు. సీటు ఖరారుకు కట్టే మొదటి మొత్తమే చాలా కుటుంబాలకు అడ్డం పడుతుంది. దానికి గడువు కొద్ది రోజులే. జూన్ నాటికి ఆ డబ్బు చేతిలో ఉండేలా చూసుకోండి.

బ్యాంకోళ్లు పొలం కాగితాలు అడుగుతున్నారు. మాకు పొలమే లేదు.

7.5 లక్షల దాకా విద్యా రుణానికి ఆస్తి తాకట్టు అవసరం లేదు. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. ఆ పథకం జాబితాలో ఉన్న మంచి ర్యాంకుల సంస్థల్లో సీటు వస్తే హామీదారు కూడా అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే పది లక్షల రుణం దాకా వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. మేనేజరు కుదరదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే పని మొదలవుతుంది.

## కాలేజీలో చేరాక

క్లాసులో ఇంగ్లీషు అర్థం కావడం లేదు. వదిలేసి వచ్చేయాలనిపిస్తోంది అక్కా.

రావద్దమ్మా. మొదటి సెమిస్టర్ చాలామందికి ఇలాగే ఉంటుంది, అది తెలివికి కొలత కాదు. రేపు చెప్పబోయే పాఠం రాత్రి ఒకసారి చదువుకుని పో. తెలియని పదాలు నోట్సు చివరి పేజీల్లో తెలుగు అర్థంతో రాసుకో. క్లాసులో అడగడానికి సిగ్గయితే క్లాసు అయ్యాక సార్ గదికి వెళ్లి అడుగు, ఒక్కసారి వెళ్తే రెండోసారి వాళ్లే పలకరిస్తారు. సబ్జెక్టు తప్పితే ఇంట్లో దాచకు. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి భయపడి దాచిన పిల్లలే చివరికి డిటెయిన్ అవుతున్నారు.

"కోటా సీటు" అని వెక్కిరిస్తున్నారు. ర్యాంకు అడుగుతున్నారు, కులం అడుగుతున్నారు.

ఎవరికీ నీ ర్యాంకు చెప్పాల్సిన పని లేదు. ఆ సీటు రాజ్యాంగం ఇచ్చిన హక్కు, నువ్వు పరీక్ష రాసి తెచ్చుకున్నావు. ఎంబీబీఎస్‌లో చివరి పరీక్ష అందరికీ ఒకటే, పాస్ మార్కులు అందరికీ ఒకటే.

అయితే ఓర్చుకోమని మేం చెప్పం. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసిపెట్టుకో. మెసేజీలు తుడిచేయకు. కాలేజీలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉండాలి, ర్యాగింగ్ నిరోధక కమిటీ ఉండాలి, రాతపూర్వకంగా అక్కడ ఇవ్వు. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టం ఉంది, దాని హెల్ప్‌లైన్ 14566. తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ ఫోన్‌లో మాట తగ్గించినా, సెలవులకు రానన్నా, ఒకసారి బస్సెక్కి వెళ్లి చూసి రండి. నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

## పట్టా చేతికొచ్చాక

లా పూర్తయింది. బార్ కౌన్సిల్‌లో చేరడానికి వేలకు వేలు కావాలా?

ఆ రోజులు పోయాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. న్యాయవాదుల చట్టంలో రాసిన దానికంటే ఎక్కువ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు. ఓసీ, బీసీలకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. చట్టం ప్రకారం పడే స్టాంపు డ్యూటీ దీనికి అదనం. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ పాస్ కావాలి. దానికి ఫీజు వేరు.

సీనియర్ లాయర్లెవరూ తెలియదు. ఎవరి దగ్గర చేరాలి? జీతం ఇస్తారా?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. సీటు దాకా రిజర్వేషన్ చేయి పట్టుకుంటుంది, సీనియర్ ఆఫీసు తలుపు దగ్గర ఏ కోటా లేదు. లాయర్ల ఇళ్ల పిల్లలకు చిన్నప్పటి నుంచే కేసు కట్టలు, క్లయింట్లు, గుమాస్తాలు అలవాటు. మన పిల్లలకు మొదటిసారి నల్లకోటు వేసుకున్న రోజే కోర్టు హాలు కొత్త.

చదువుతున్నప్పుడే మొదలుపెట్టండి. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో విచారణలు బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎవరు బాగా చేస్తున్నారో, జూనియర్లతో ఎవరు మర్యాదగా మాట్లాడుతున్నారో కొన్నాళ్లు గమనిస్తే తెలిసిపోతుంది. వాళ్ల దగ్గరికే సాయంత్రం ఆఫీసు వేళకు వెళ్లి అడగండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరు (న్యాయ సహాయంలో తోడ్పడే కార్యకర్త)గా పని చేస్తే జడ్జిలకు, లాయర్లకు పరిచయమవుతారు, పేదల కేసులూ దగ్గరగా తెలుస్తాయి.

చేరాక మొదటి నెలల్లో పని ఇలా ఉంటుంది. పొద్దున్నే కాజ్‌లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) చూసి, ఏ కేసు ఏ కోర్టులో ఎన్నో నంబరో డైరీలో రాయాలి. కట్ట తీసుకుని ముందే వెళ్లి నిలబడాలి. సీనియర్ పక్క కోర్టులో ఉంటే "పాస్ ఓవర్" (కేసు కాసేపాగి పిలవమని) అడగాలి. వకాల్తా (క్లయింటు లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద స్టాంపు సరిపోయిందా, ఆఫీసు ఏ అభ్యంతరంతో వాపసు చేసింది, గుమాస్తాను అడిగి నేర్చుకోవాలి. గుమాస్తాలకు తెలిసినంత ఫైలింగ్ చాలామంది లాయర్లకు తెలియదు, వాళ్లతో మంచిగా ఉండండి.

జీతం విషయం దాచకుండా చెప్పాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, ఇవ్వని వాళ్లే ఎక్కువ. అందుకే మొదటి రెండేళ్లు గడవడానికి ఏదో ఒక ఆధారం ముందే చూసుకోవాలి. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటూ నిలదొక్కుకున్న వాళ్లున్నారు. జడ్జి కావాలనుకునే వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2025 మే 20 సుప్రీంకోర్టు తీర్పుతో సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. ఆ మూడేళ్లు తిండి ఎవరు పెడతారన్న ప్రశ్నకు సమాధానం ప్రభుత్వమూ బార్ కౌన్సిళ్లూ కలిసి చెప్పాల్సిందే.

బీటెక్ అయింది. ఇంటర్వ్యూలో మాట పెగలదు.

నీ ప్రాజెక్టు గురించి తెలుగులో రెండు నిమిషాలు తడబడకుండా చెప్పడం ముందు నేర్చుకో. అది వస్తే ఇంగ్లీషులోకి తేవడం అభ్యాసమే. ప్రాజెక్టు కొనుక్కుని ఉంటే ఎంత ఇంగ్లీషు వచ్చినా నిలబడలేవు. ఉద్యోగం వెంటనే రాకపోతే కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకో. స్టైపెండ్ వస్తుంది, అనుభవ పత్రమూ వస్తుంది.

సివిల్స్‌కు ఎన్నిసార్లు రాయొచ్చు? ఎన్నేళ్లు ఇంట్లో కూర్చోవాలి?

ఓసీలకు 32 ఏళ్ల దాకా ఆరుసార్లు, ఓబీసీలకు 35 దాకా తొమ్మిదిసార్లు, ఎస్సీ, ఎస్టీలకు 37 దాకా ఎన్నిసార్లైనా. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు దరఖాస్తు ఫీజు లేదు. ఎన్నిసార్లైనా రాయొచ్చని వయసంతా అందులోనే పెట్టొద్దు. రెండు ప్రయత్నాల తర్వాత ఏదో ఒక ఉద్యోగంలో చేరి రాయడం మా సలహా. ఎస్సీ, ఎస్టీలకూ బీసీలకూ ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు ఉచిత శిక్షణ ఇస్తాయి, ప్రవేశ నోటిఫికేషన్ కోసం సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

అమ్మాయికి పెళ్లీడు వచ్చింది. ఇంకా చదివించమంటారా?

చదివించండి. రాష్ట్ర సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు ఉంది, మహిళా విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది, హాస్టల్ ఉంది. పెళ్లికి దాచిన డబ్బు చదువుకు ఖర్చయిపోతుందని భయపడే తల్లిదండ్రులతో మేం గంటలు గంటలు మాట్లాడుతుంటాం. హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో పని చేసే ఏడాది)లో స్టైపెండ్ వస్తుందని, నర్సింగ్ అయిన వెంటనే ఉద్యోగానికి దారి ఉంటుందని చెబితే కొందరు వింటారు. పెళ్లి కుదిరినా కోర్సు మధ్యలో ఆపొద్దు.

కాలు సరిగా లేదు. ఎంబీబీఎస్‌కు పనికిరావన్నారు.

ఆ మాట ఖాయమని అనుకోకండి. 40 శాతం వైకల్యం ఉన్నంత మాత్రాన అనర్హులు కారని, బిడ్డ ఆ కోర్సు చేయగలదా అన్నది బోర్డు విడిగా పరిశీలించాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు దివ్యాంగులకు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ముందే తీసుకోండి. బోర్డు కాదంటే కారణాలు రాసివ్వమని అడగండి.

నేను ఇక్కడే డాక్టరుగా ఉన్నాను. హాస్టల్లో చదివి వచ్చినవాడినే. నేనేం చేయగలను?

మీలాంటివాళ్లు అడిగే ఈ ప్రశ్న కోసం మేం ఎదురు చూస్తుంటాం. విరాళం కంటే ముందు మీ సమయం కావాలి. మీరు చదివిన హాస్టల్‌కే వెళ్లి ఇంటర్ పిల్లలతో ఒక సాయంత్రం కూర్చోండి. లాయరైతే సెలవుల్లో ఇద్దరు విద్యార్థులను మీ ఆఫీసులో కూర్చోనివ్వండి. ఆడిటరైతే ఆర్టికల్‌షిప్‌కు తెలిసినవాళ్ల పిల్లలతో పాటు తెలియని ఇంటి బిడ్డనూ ఒకరిని తీసుకోండి, స్టైపెండ్ సకాలంలో ఇవ్వండి. కౌన్సెలింగ్ వారంలో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి లాప్‌టాప్‌తో కూర్చునే మనిషి దొరికితే, నెట్ సెంటర్‌లో ఎవరో తప్పుగా నొక్కిన బటన్ వల్ల సీటు పోయే పిల్లలు తగ్గుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనుషులు ఎక్కువ కావాలి. ఆ నెలల్లో ఏ ఆదివారం వీలవుతుందో మీ దగ్గరలోని సంక్షేమ హాస్టల్ వార్డెన్‌కు చెప్పి ఉంచండి.